మా ముందుగదిలో స్కూలు బోర్డు

ప్రజలు బోర్డు దగ్గరకు రావలసిన రోజులు పోయాయనీ, ఇకమీదట బోర్డే ప్రజల గుమ్మంలోకి వస్తుందనీ మా ఊరి స్కూలు బోర్డు చైర్మన్‌గారు విలేకరుల ముందు ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయిందనీ, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, ఫోటోగ్రాఫర్లు సర్దుకున్నాక అదే మాట దగ్గర మళ్ళీ గొంతు పూడుకుపోయిందనీ మర్నాడు పత్రికల్లో చదివి నేను చాలా సంతోషించాను. ఎవరి గుమ్మంలోకి రావాలన్నది మాత్రం అప్పటికింకా తేలలేదు.

చైర్మన్‌గారిని ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆయన మొదట్లో సిమెంటు వ్యాపారి. చదువుతో ఆయనకేం సంబంధం అని గిట్టనివాళ్ళు అంటుంటారు. అది అన్యాయం. ఈ ఊళ్ళో గోడలు బీటలు వారిన స్కూళ్ళన్నిటికీ సిమెంటు సరఫరా చేసింది ఆయనే.

అంతకుముందు బోర్డు సమావేశాలు మునిసిపల్ భవనం పై అంతస్తులో జరిగేవి. అప్పుడు కూడా ప్రజలకు ప్రవేశం ఉండేది. కాకపోతే లిఫ్టు సభ్యులకూ మెట్లు సిబ్బందికీ కేటాయించారు. అయినా పట్టుదల గల పౌరులు కొందరు ఎలాగో పైకి చేరేవారు. వాళ్ళు చేరేసరికి సమావేశం ముగిసి సభ్యులు కిందికి దిగుతుండేవారు. ఈ విధంగా బోర్డూ ప్రజలూ చాలాకాలం ఒకరికోసం ఒకరు ఎక్కుతూ దిగుతూ గడిపారు.

ఆ పట్టుదల గల పౌరుల్లో మా ఆవిడ ఒకతె.

మా ఇంటికి ఎదురుగా చిన్న స్కూలుంది. రెండు గదులు, వరండా, ముందు కాస్త ఖాళీ స్థలం, మూలన ఒక కుళాయి, వీటన్నిటికీ కలిపి ఒక టీచరమ్మ. దాన్ని హైవే అవతలున్న పెద్ద స్కూల్లో విలీనం చెయ్యాలని బోర్డు ఆలోచన. విలీనం అన్నది బోర్డు వాడే మాట. మా వీధిలో దాన్ని మూసెయ్యడం అంటారు. మా అమ్మాయి అందులోనే మూడో తరగతి చదువుతోంది. హైవే మీద లారీలు ఎవరికోసమూ ఆగవు. మూడో తరగతి వాళ్ళు వాటి కళ్ళకు ఆనరు కూడా.

“నాకు రెండు నిమిషాలు చాలు. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే వాళ్ళకీ అర్థమవుతుంది, వాళ్ళూ పిల్లలున్నవాళ్ళేగా,” అనేది మా ఆవిడ.

ఆవిడ మా ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూస్తే చాలు, టేపు అక్కర్లేకుండా కొలతలు చెప్పేస్తుంది. అందుకే మనుషుల మీద ఆవిడకు అంత నమ్మకం. నేను వీధి చివర షాపులో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తుంటాను. పెద్దపదవుల్లో ఉన్నవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం.

గుమ్మం వెతకడానికి బోర్డు సెక్రటరీగారు స్వయంగా మా వీధికి వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. చైర్మన్‌గారికి మోకాళ్ళ నొప్పులు కనక మెట్లు లేని ఇల్లు కావాలి. సభ్యులందరూ పట్టే ముందుగది కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కింద కూర్చోనక్కర్లేని బాత్రూమ్ కావాలి. మా అత్తగారికి తుంటి ఆపరేషనైనప్పుడు మేము కమోడ్ పెట్టించాం. సెక్రటరీగారు దాన్ని శ్రద్ధగా చూశారు. ఒకసారి నీళ్ళు వదిలి, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడి విన్నారు. ప్రజాస్వామ్యానికి ఇంత అనువైన ఇల్లు ఈ వీధిలో ఇంకొకటి లేదని అక్కడే తేల్చేశారు.

మా ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పై అంతస్తు ఎక్కి పట్టుకోలేకపోయిన మనుషులు తన మిషను పక్కకే వచ్చి కూర్చోబోతున్నారు. మా అత్తగారికి కాస్త చెవుడు. బోర్డు వస్తోందని చెబితే, ఏ గోడకి తగిలిస్తారో చూసుకోమనీ, మేకులు కొడితే గోడ పెచ్చులూడుతుందనీ హెచ్చరించారు.

సమావేశం రోజు పొద్దున్నే మనుషులొచ్చి మిషనునూ, ఫ్రిజ్‌నూ, మా అమ్మాయి పుస్తకాల బల్లనూ వెనకగదిలోకి తోసేశారు. ఒక పొడుగాటి టేబులూ, దాని చుట్టూ కుర్చీలూ వచ్చాయి. చైర్మన్‌గారి కుర్చీ మిగతావాటికంటే కాస్త ఎత్తు. సభ్యులు, సెక్రటరీగారు, ఆయన సిబ్బంది, వీడియో తీసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, ప్రజలతో సంబంధాలు చూసే అధికారులు కూర్చునేసరికి గది నిండిపోయింది. ప్రజలకు చోటు లేదు. ఇటువంటి పరిస్థితి వస్తుందని బోర్డు ముందే ఊహించింది. రోడ్డుకు అవతల, స్కూలు గోడ పక్కన టెంటు వేసి కుర్చీలు వేశారు. ప్రజలు అక్కడ కూర్చుని మా కిటికీలోంచి సమావేశాన్ని చూడవచ్చు.

మా ఆవిడ మంచి చీర కట్టుకుని టేబులు దగ్గరకు వెళ్ళింది. సెక్రటరీగారు ఎంతో మర్యాదగా ఆపారు. ఇల్లు ఇచ్చినవాళ్ళు ఆతిథ్యం ఇచ్చేవాళ్ళ కిందికి వస్తారు గానీ ప్రజల కిందికి రారట. ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు అభిప్రాయాలు చెబితే నిష్పాక్షికత దెబ్బతింటుందట. అయితే తను టెంటులోకి వెళ్ళి ప్రజల్లో కూర్చుంటానంది మా ఆవిడ. అది ఆమె హక్కని ఆయన ఒప్పుకున్నారు. ఆవిడ రోడ్డు దాటి, పొరుగింటి ఆడవాళ్ళ పక్కన కూర్చుని, తన ఇంటి కిటికీలోంచి తన ముందుగదిలోకి చూసింది. కాసేపటికి చైర్మన్‌గారి మెడ మీద ఎండ పడింది. కర్టెన్ వేశారు. ఏసీ పెట్టారు కనక కిటికీ కూడా మూశారు. చప్పట్లు కొట్టవలసిన చోట్ల గుమ్మం దగ్గర నిలబడ్డ గుమాస్తా చెయ్యి ఊపాడు. ప్రజలు చక్కగా పాల్గొన్నారు.

మా ఆవిడ కాసేపు చూసి, లేచి, వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చింది. టీ కలిపింది. ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. టీ తెచ్చేవాళ్ళని ఏ బోర్డూ ఇంతవరకూ ఆపలేదు. నేరుగా చైర్మన్‌గారి పక్కన నిలబడింది.

“సార్, ఎదురుగా ఉన్న స్కూలు గురించి ఒక్క మాట చెప్పాలి,” అంది.

చైర్మన్‌గారు ఆమె వైపు తిరిగారు. ఆయన ముఖంలో ఉన్న వాత్సల్యం వంటింటి గుమ్మంలో ఉన్న నాక్కూడా కనబడింది. “చెప్పమ్మా, నీ మాట వినడానికేగా ఇంత దూరం వచ్చింది. ఆగాగు, నాకు పంచదార వెయ్యొద్దు,” అన్నారు.

పంచదార లేని టీ తెచ్చేసరికి సమావేశం తరవాతి అంశంలోకి వెళ్ళిపోయింది. స్థానిక మహిళ ఒకరు చైర్మన్‌గారితో నేరుగా సంప్రదించారనీ, పంచదార విషయంలో చైర్మన్‌గారి సూచనను వెంటనే అమలుచేశారనీ ఆ రోజు సమావేశం వివరాల్లో రాసుకున్నారు.

సభ్యులకు మా ఇల్లు నచ్చింది. రెండో సమావేశం కూడా అక్కడే అన్నారు. విలీనం ఆ రెండో సమావేశంలోనే చర్చకు వచ్చింది. చైర్మన్‌గారు లేచి నిలబడి, ప్రజల ఆమోదం లేకుండా తాను ఒక్క ఇటుక కూడా కదిలించననీ, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలనీ అన్నారు. కిటికీ మూసి ఉంది. టెంటులోవాళ్ళు చప్పట్ల సైగ కోసం ఎదురుచూస్తున్నారు. మా ఆవిడను ఈసారి టీ పని నుంచి కూడా తప్పించి, బయటినుంచి ఫ్లాస్కులు తెప్పించారు. గదిలో నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే వెనకగదిలో మా అత్తగారు దగ్గారు.

చైర్మన్‌గారు చెయ్యెత్తారు. దగ్గు కూడా ఒక అభిప్రాయమేనన్నారు. అది అనుకూలమో వ్యతిరేకమో కనుక్కోకుండా ముందుకు వెళ్ళడం తన మనస్సాక్షికి విరుద్ధమన్నారు. సెక్రటరీగారు వెనకగదిలోకి వచ్చి, మంచం పక్కన వంగి, “అమ్మా, మీకేమైనా అభ్యంతరమా?” అని గట్టిగా అడిగారు.

అత్తగారు ఆయన ముఖంలోకి చూశారు. ఇంత పెద్దాయన వచ్చి తన ఒంట్లో ఎలా ఉందని పలకరించడం ఆవిడకు ఎంతో తృప్తి కలిగించింది.

“ఇప్పుడు ఫరవాలేదు నాయనా,” అన్నారు.

విలీనం ప్రజామోదంతో జరిగిపోయింది. మా ఆవిడ తల్లితో మాట్లాడటం మానేసింది. తన ఆరోగ్యం గురించి బయటివాళ్ళు అడుగుతున్నారు గానీ కన్నకూతురు అడగడం లేదని అత్తగారు నాతో చెప్పి బాధపడ్డారు.

స్కూలుకు తాళం పడింది. బోర్డు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. మా ఇంటి ముందు ‘ప్రజా ప్రవేశ కేంద్రం’ అని గోడకు మేకులు కొట్టి బోర్డు తగిలించారు. అత్తగారు భయపడ్డట్టే పెచ్చులూడింది. వరండాలో పాసుల కౌంటరు తెరిచారు. స్కూలు లేకపోవడం వల్ల ఖాళీగా ఉన్న టీచరమ్మను ఆ కౌంటరులో వేశారు. బోర్డు ఎవరి జీవితాన్నీ వృథా కానివ్వదు.

అప్పటినుంచి మా ఇంట్లోకి వెళ్ళాలంటే పాసు కావాలి. ఇది ప్రజల మేలుకోసమే. ఎవరు వస్తున్నారో తెలియకపోతే ఎంతమంది వస్తున్నారో ఎలా తెలుస్తుంది? మధ్యాహ్నం నేను షాపు నుంచి వస్తే టీచరమ్మ తల వంచుకుని అడిగేది. వచ్చిన పని ఏమిటంటే భోజనం అనేవాణ్ణి. ఎవరిని కలవాలంటే భార్యను అనేవాణ్ణి. భార్యతో సంబంధం ఏమిటన్న ప్రశ్న దగ్గర ఇద్దరం కాసేపు ఆగేవాళ్ళం. పాపం, ఆమె అదంతా తనే పూర్తిచేసి పాసు నా చేతిలో పెట్టేది. మా అమ్మాయిని చూస్తే మాత్రం ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చేవి. నిన్నటిదాకా పలకరిస్తే ఎక్కాలు అప్పజెప్పిన పిల్ల, ఇప్పుడు పాసు కోసం వరసలో నిలబడుతోంది.

పెద్ద స్కూలు నిజంగానే పెద్దది. హైవే ఒక్కటే అడ్డం. బోర్డు దాన్ని కూడా పట్టించుకుని, ‘పిల్లలారా, జాగ్రత్త’ అని చైర్మన్‌గారి ఫోటోతో ఒక పెద్ద హోర్డింగు పెట్టించింది. లారీ డ్రైవర్లు దాన్ని తలతిప్పి మరీ చూసేవారు.

ఒక సాయంత్రం మా అమ్మాయి ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోదేదని అడిగితే రోడ్డు మధ్యలో ఉందంది. పరుగెత్తుతుంటే జారిపోయిందట, వెనక్కి తిరగబోతే టీచరమ్మ కొడుకు జడ పట్టుకుని లాగాడట, అప్పుడు లారీ వెళ్ళిందట. జడ లాగినందుకు వాడి మీద చెప్పాలని దాని ఉద్దేశం. మా ఆవిడ పిల్లను దగ్గరకు తీసుకుని, ఊడిన జడ మళ్ళీ అల్లింది. అల్లడం అయిపోయాక విప్పి ఇంకోసారి అల్లింది. మర్నాడు పిల్లను స్కూలుకు పంపలేదు. వీధిలో మిగతావాళ్ళూ పంపలేదు.

ఈలోగా బోర్డు పని పెరిగింది. వెనకగది ఫైళ్ళకు కావలసి వచ్చింది. వంటింట్లో సభ్యుల టీకి ఏర్పాటు చెయ్యాలి. మేము అడ్డమవుతున్నామని సెక్రటరీగారు పైకి అనలేదు గానీ, మా అత్తగారి మంచం ఎటు జరిపినా దారికి అడ్డంగానే ఉంటోందని మాత్రం అన్నారు. సంగతి చైర్మన్‌గారి దాకా వెళ్ళింది. ప్రజాస్వామ్యం కోసం ఇల్లు ఇచ్చిన కుటుంబం ఇరుకులో ఉండటం ఆయన భరించలేకపోయారు. ఎదురుగా రెండు గదుల స్కూలు ఖాళీగా ఉందిగా, హాయిగా అందులో ఉండమన్నారు. తాళంచెవిని పళ్ళెంలో పెట్టి, విలేకరుల ముందు నా చేతికిచ్చారు. విద్యాలయాల్ని ప్రజలకు ఇచ్చేస్తున్న మొట్టమొదటి బోర్డు తమదేనన్నారు. ఏదైనా ఆర్డరు ఇస్తారా అని నేను నసిగితే, నా భుజం మీద చెయ్యి వేశారు.

“మన మధ్య కాగితాలెందుకు తమ్ముడూ?” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ సాయంత్రమే సామాను రోడ్డు దాటించాం. ఒకటో తరగతీ రెండో తరగతీ కూర్చున్న గది వంటిల్లయింది. మూడు నుంచి ఐదు దాకా కూర్చున్న గదిలో పడకలు వేశాం. మా అమ్మాయి తన బెంచీ తను వెతుక్కుని, దానిమీద తప్ప భోజనం చెయ్యనంది. మా ఆవిడ మిషనును వరండాలో వేసుకుంది. అత్తగారికి గాలీ వెలుతురూ నచ్చాయి గానీ బాత్రూమ్ నచ్చలేదు. అందుకోసం రోజూ పాసు తీసుకుని పాత ఇంటికి వెళ్ళివచ్చేవారు. బోర్డును దర్శించిన ప్రజల లెక్క ఆ నెల బాగా పెరిగిందని పత్రికల్లో వచ్చింది.

సోమవారం పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే కుళాయి దగ్గర పిల్లలు కనబడ్డారు. సంచులు తగిలించుకుని ఉన్నారు. ఏం కావాలని అడిగితే మా అమ్మాయితో ఆడుకోవడానికి వచ్చామన్నారు. మా ఆవిడ లోపలికి రమ్మంది. వాళ్ళు తిన్నగా వెళ్ళి ఎవరి బెంచీల్లో వాళ్ళు కూర్చున్నారు. మా పరుపులు చుట్టి ఒక మూలకు తోశాం.

టీచరమ్మ అది పాసుల కౌంటరులోంచి చూసింది. కౌంటరు తెరవడానికి ఇంకా టైముంది. రోడ్డు దాటి వచ్చి, చుట్టపు చూపుగా కాసేపు కూర్చుంటానంది. వచ్చిన చుట్టం ఊరికే కూర్చోలేక నల్లబల్ల మీద రెండు లెక్కలు వేసింది. మర్నాడు కూడా వచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ వచ్చేది, సాయంత్రం కౌంటరు మూసి వచ్చేది. ఆమె లేనప్పుడు మా ఆవిడ టేపు తీసి పిల్లలచేత కిటికీలూ, తలుపులూ, ఒకళ్ళనొకళ్ళూ కొలిపించేది. అత్తగారు ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. తప్పు చదివినా బాగుంది నాయనా అనేవారు. పిల్లలకు ఆవిడ దగ్గర ఎక్కాలు తొందరగా వచ్చేశాయి.

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు వరండాలో కూర్చునేవారు. కూర్చున్నాక మాటలు వస్తాయి. కుళాయి కారుతోందని ఒకామె అంటే, ఆమె మరిది ప్లంబరని ఇంకొకామె గుర్తుచేసింది. సాయంత్రానికి కుళాయి కారడం మానేసింది. వర్షం వస్తే రెండో గది కురుస్తుందన్నారు. ఆదివారం నలుగురు మగవాళ్ళు పైకప్పు ఎక్కారు. నన్ను ఫ్యాన్లు చూడమన్నారు, చూశాను. ఏ పని ముందు, ఏది తరవాత అన్నది మిషను చుట్టూ కూర్చుని మాట్లాడుకునేవారు. ఇష్టం లేనివాళ్ళు లేదనేవారు. అప్పుడు మళ్ళీ మాట్లాడుకునేవారు. మా ఆవిడ అక్కడ రెండు నిమిషాలేం ఖర్మ, గంటల తరబడి మాట్లాడేది. తల్లితో కూడా మాట్లాడటం మొదలుపెట్టింది. ఇదంతా ఏ పద్ధతీ లేకుండా, తీర్మానాలు లేకుండా, ఫోటోలు లేకుండా జరగడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉండేది.

ఆ ఇబ్బంది ఎన్నాళ్ళో లేదు. ఫోటో లేని లోటు ఒక విలేకరి తీర్చాడు. ప్రజా ప్రవేశ కేంద్రంలో ప్రజలు లేరనీ, ఎదురుగా మూసేసిన స్కూలు వరండాలో కిటకిటలాడుతున్నారనీ రెండు ఫోటోలు పక్కపక్కన వేశాడు.

చైర్మన్‌గారు మర్నాడే వచ్చారు. గేటు దగ్గర నిలబడి, బెంచీల్లో పిల్లల్నీ వరండాలో తల్లుల్నీ చాలాసేపు చూశారు. మళ్ళీ గొంతు పూడుకుపోయింది. ఈసారి ఫోటోగ్రాఫర్లు లేరు కనక అది నిజమేనని నా నమ్మకం. ఇంతమందిని ఎలా రప్పించారమ్మా అని మా ఆవిడను అడిగారు. తలుపు తీసి ఉంచామంది మా ఆవిడ. ఆయన సెక్రటరీగారి వైపు తిరిగి, అది రాసుకోమన్నారు.

తరవాత అసలు విషయం చెప్పారు. రాజధాని నుంచి మంత్రిగారు వస్తున్నారు. పాలనలో ప్రజల పాత్ర ఎంత ఉందో కళ్ళారా చూస్తారట. అందుకని ఈ స్కూలు ముందున్న ఖాళీ స్థలంలోనే మహాసభ పెడుతున్నారు. వీధి వీధంతా రావాలి. మా ఆవిడ వేదిక మీద మాట్లాడాలి.

“ఎంతసేపు మాట్లాడనిస్తారు?” అంది మా ఆవిడ.

“నీ ఇష్టం చెల్లెమ్మా. నీకు అడ్డేముంది?” అన్నారు ఆయన.

సభ రోజున కుర్చీలు చాలలేదు. గోడల మీద కూడా మనుషులు కూర్చున్నారు. మంత్రిగారు చాలా ముచ్చటపడ్డారు. మా ఆవిడ మైకు ముందుకు వెళ్ళింది. చెమటలు నాకు పట్టాయి గానీ ఆవిడకు పట్టలేదు.

“మా పిల్లలు హైవే దాటలేరు. అందుకని పొద్దున్నే ఇక్కడికి వచ్చేస్తున్నారు. ఇక్కడ గదులున్నాయి, బెంచీలున్నాయి, టీచరమ్మ రోడ్డుకు అవతలే ఉంది. కుళాయి మేమే బాగుచేసుకున్నాం, పైకప్పు మేమే సరిచేసుకున్నాం. ఇది స్కూలని మీరు ఒక్క మాట అంటే చాలు. ఇంకేమీ అడగం,” అని వచ్చి నా పక్కన కూర్చుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎవరి సైగా లేకుండా చప్పట్లు మోగాయి. చైర్మన్‌గారు లేచి, ప్రజల కోరికే తనకు ఆజ్ఞ అన్నారు. మంత్రిగారి సమక్షంలో ఇక్కడికిక్కడే తేల్చేద్దామన్నారు. ఈ స్కూలు మళ్ళీ తెరవాలని కోరేవాళ్ళందరూ చేతులెత్తండన్నారు.

అందరం ఎత్తాం. టీచరమ్మ ఎత్తింది, గోడల మీద కూర్చున్నవాళ్ళు ఎత్తారు, నేను ఎత్తాను. ఎందుకో తెలియకపోయినా అత్తగారూ ఎత్తారు. మా అమ్మాయి రెండు చేతులూ ఎత్తింది. కెమెరాలు తళుక్కుమన్నాయి. సెక్రటరీగారు వేదిక మీద నిలబడి తీర్మానం చదివారు.

ప్రజల కోరికను బోర్డు శిరసావహిస్తోందనీ, ఏ ఆర్డరూ లేకుండా ఈ స్కూలు భవనంలో కాపురం పెట్టి, తెరవడానికి అడ్డంగా ఉన్న కుటుంబాన్ని వెంటనే ఖాళీ చేయించాలని సభికులందరూ ముక్తకంఠంతో కోరారనీ, ఖాళీ అయిన తరవాత తెరిచే విషయం బోర్డు పరిశీలిస్తుందనీ అందులో ఉంది. అందరికంటే ముందు మంత్రిగారు చప్పట్లు కొట్టారు. మా వెనక వరసలో ఎవరో, ఆ కుటుంబం ఎవరో చూద్దామని మెడలు సాచి అటూ ఇటూ వెతికారు. మా పాత ఇంటి సంగతి ఆ రోజు ఎజెండాలో లేదు.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో రంగుల ఫోటో పడింది. కింద ‘అక్రమ నివాసాన్ని తొలగించాలని చేతులెత్తి కోరుతున్న స్థానికులు’ అని వేశారు. ముందు వరసలో మేమే ఉన్నాం. నేను కళ్ళు మూసుకున్నానుగానీ మిగతా అందరూ బాగా పడ్డారు. అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చెయ్యి మా ఆవిడది.